మామిడితోటకి ఏ కుక్క: జాక్ రస్సెల్ టెర్రియరా, ముధోల్ హౌండా?

రసాలతోట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మా ఇంట్లో తెగని మాట ఇది. ఈ రెండు జాతుల్లో ఏదో ఒకదాన్ని నిజంగా పెంచినవాళ్ళు చెబితే వినాలని ఇక్కడ రాస్తున్నాను.

మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. ఆరెకరాల మామిడితోట, తోటలోనే ఇల్లు. చిన్నరసాలు ఎక్కువ, ఓ నలభై చెట్లు బంగినపల్లి. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, నెలకి రెండుసార్లు ఊరెళ్తాను. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. తోటలో ఉండేది అమ్మానాన్న ఇద్దరే. నాన్నకి డెబ్భై ఒకటి. పోయినేడాది కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. బాగానే నడుస్తారు గానీ పరిగెత్తలేరు, వంగి లేవాలంటే పక్కన ఏదో ఒకటి పట్టుకోవాలి.

పద్నాలుగేళ్ళు మాతో ఉన్న రాజుగాడు సంక్రాంతికి వారం ముందు పోయాడు. ఊరకుక్కే. ఎవరో కాలవగట్టున వదిలేసి పోతే నాన్న కండువాలో చుట్టి తెచ్చారు. వాడి గురించి నాన్న ఇప్పుడు ఏమీ మాట్లాడరు. కానీ తెల్లవారుజామున తోట చుట్టూ తిరిగి రావడం మానేశారట. అమ్మ ఫోన్లో ఆ ఒక్క మాట చెప్పింది. ఆ రోజే ఇంకో కుక్కని తేవాలని నిశ్చయించుకున్నాను.

రెండో కారణం పందికొక్కులు. రాజుగాడు ముసలివాడయ్యాక మొదలయ్యాయి, వాడు పోయాక మరీ పేట్రేగాయి. గోడౌను పునాది కింద వరసగా కలుగులు. పొద్దున్నే వెళ్ళి చూస్తే గోడ వారన జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి కుప్ప, పక్కనే నా పిడికిలి దూరేంత కన్నం. ఈ వేసవిలో రెండు చోట్ల డ్రిప్ పైపులు కొరికేశాయి. అమ్మ పెంచే కోడిపెట్ట పదకొండు పిల్లల్ని దింపితే నాలుగు మిగిలాయి. బోను పెడితే మొదటి రాత్రి ఒకటి పడింది, ఆ తర్వాత ఒక్కటీ దాని ఛాయలకి రాలేదు. ఇక కాయ దిగే రోజుల్లో కోతులు ఉండనే ఉన్నాయి. అప్పుడప్పుడూ రాత్రిళ్ళు అడవిపందులు కూడా వచ్చి రాలిన కాయ తిని పోతుంటాయి.

తమ్ముడు ముధోల్ హౌండ్ తెద్దామంటాడు. ధార్వాడ్ వైపు స్నేహితుడి పొలంలో చూశాడట, వీడియో పంపించాడు. చెప్పొద్దూ, అది పరిగెడుతుంటే కన్ను తిప్పుకోలేం. నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలని వదిలేస్తాయి. "అంత ఎత్తు కుక్క గేటు దగ్గర నిలబడితే చాలు అక్కా, దొంగ అటు తొంగి కూడా చూడడు. పైగా మన దేశపు జాతి, మన ఎండలకి పుట్టింది" అంటాడు. ఆ మాట నాకూ నచ్చింది.

నా మనసు జాక్ రస్సెల్ మీద ఉంది. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఇంట్లో ఉంది. నేను వెళ్ళిన రోజు ఫ్రిజ్ వెనక బల్లి ఉందని నలభై నిమిషాలు అక్కణ్ణుంచి కదల్లేదు. తోక మాత్రం నిటారుగా, సన్నగా వణుకుతూ. దాన్ని చూడగానే నాకు గోడౌను గుర్తొచ్చింది. అయిదారు కిలోల కుక్క, నాన్న ఒక చేత్తో ఎత్తుకోగలరు.

భయాలు కూడా చెప్తాను. ముధోల్ గొలుసు లాగితే నాన్న పడిపోతారేమో. అమ్మ కోళ్ళ సంగతేంటి? టెర్రియర్ అయితే పాము జోలికి వెళ్తుందేమో. మా తోటలో తాచులు ఉన్నాయి, రక్తపింజరిని కూడా చూశాం. అంత చిన్న కుక్క పందికొక్కు మీదకి వెళ్తే ఏది గెలుస్తుంది? తోటలో పెరగాల్సిన కుక్కని కొనేటప్పుడు ఏం చూడాలి?

దయచేసి "రెండూ మంచివే" అని మాత్రం అనకండి. మా ఇంటికి ఏది సరిపోతుందో చెప్పండి.

---

ఆదోని పత్తిచేను

అక్కా, పద్ధెనిమిదేళ్ళుగా మా ఇంట్లో ముధోల్ లేని రోజు లేదు. ఇప్పుడున్నది నాలుగోది. కాబట్టి ముధోల్ అంటే గిట్టక చెప్తున్నానని అనుకోవద్దు. మీ ఇంటికి ముధోల్ వద్దు.

ముందు ఒక మాట. ముధోల్ అనగానే మన తెలుగువాళ్ళలో చాలామంది బాసర పక్కనున్న ముధోల్ అనుకుంటారు. నన్ను కనీసం పది మంది అడిగారు. ఇది కర్ణాటకలో, బాగల్‌కోట జిల్లాలో ఉన్న ముధోల్. అక్కడి ఘోర్పడే రాజులు ఈ జాతిని పోషించి నిలబెట్టారు. ఊరికి దగ్గర్లోనే తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కుక్కల పరిశోధన కేంద్రం ఉంది. నా మూడోదాన్ని అక్కడే పేరు రాయించుకుని తెచ్చుకున్నాను. 2005లో ఈ జాతి మీద తపాలా బిళ్ళ వచ్చింది. 2016లో సైన్యం వాళ్ళు మీరట్‌లోని తమ కుక్కల శిక్షణ కేంద్రానికి పిల్లల్ని తీసుకుపోయారు. మీ తమ్ముడి మాటలో తప్పేం లేదు, గొప్ప జాతే.

అయితే దాన్ని తయారు చేసింది దేనికి? కంటికి కనబడినదాన్ని పరిగెత్తి పట్టడానికి. వాసన పట్టి వెతికే కుక్క కాదు, కలుగు ముందు కాపు కాసే కుక్క అసలే కాదు. మీ పందికొక్కులు నేల కింద ఉన్నాయి. నా కుక్క చేలో అరకిలోమీటరు అవతల కుందేలు చెవి కదిలితే చూస్తుంది. కాళ్ళ దగ్గర కలుగులో ఏముందో దానికి పట్టదు.

కాపలా సంగతి. మొరగడం తక్కువ. కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వదు, తనూ దగ్గరికి పోదు. దూరంగా నిలబడి చూస్తుంటుంది. ఎత్తు చూసి భయపడేవాళ్ళు భయపడతారు గానీ, మీద పడి పట్టుకునే గుణం నా నాలుగింటిలో ఒక్కదానికీ లేదు. ఇంట్లో మాత్రం అంత నెమ్మదైన జీవం ఇంకోటి ఉండదు. మా అమ్మ కూరగాయలు తరుగుతుంటే వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. ఒంటి మీద కొవ్వు లేదు కాబట్టి బండల మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి, బొంత వేయాల. చివరి రెండు మూడు పక్కటెముకలు బయటికి కనబడతాయి, ఆ జాతి ఒళ్ళే అంత. ఊళ్ళో వాళ్ళు "కుక్కకి తిండి పెట్టరా" అని అడుగుతూనే ఉంటారు. జొన్న రొట్టె, మజ్జిగ, రోజూ ఒక గుడ్డు, వారానికి రెండుసార్లు మాంసం పెడతాను. ఇరవై నాలుగు కిలోల మీద బాగుంది.

ఇప్పుడు అసలు విషయం. నా రెండోదాని పేరు మెరుపు. అయిదేళ్ళు. పిలిస్తే వచ్చేది, వంద సార్లలో తొంభై అయిదు సార్లు వచ్చేది. ఒక సాయంత్రం చీకటి పడే ముందు కుందేలు లేచింది. నేను పిలుస్తూనే ఉన్నాను. మూడు చేలు దాటింది. నాలుగో చేలో అడవిపందుల కోసం కరెంటు తీగ లాగి పెట్టారు. తీగ నేలకి జానెడు ఎత్తులో ఉంది. నేను పోయేసరికి అది పరిగెత్తిన భంగిమలోనే పడి ఉంది, కాళ్ళు ముందుకీ వెనక్కీ చాచి. ఆ తీగ పెట్టడం నేరం. నా కుక్క కుందేలు వెంట పడటం కూడా చట్టం ఒప్పుకోని పనే. 1972 వన్యప్రాణి చట్టంలో జంతువుని తరమడం కూడా వేట కిందకే వస్తుంది. తప్పు కుక్కది కాదు. చుట్టూ కంచె లేకుండా సాయంత్రం పూట వదిలింది నేను. ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ చేని గట్టు మీంచి నేను ఇప్పటికీ నడవను.

మీరు అడవిపందులు వస్తాయన్నారు. వాటి కోసం మీ చుట్టుపక్కల ఎవరైనా తీగ పెట్టి ఉండొచ్చు, ఉచ్చులు వేసి ఉండొచ్చు. ఆరెకరాలు దానికి మూడు అంగలు. చుట్టూ ఆరడుగుల కంచె ఉండాల, రోజూ పొద్దున్నా సాయంత్రం దాని వెంట గట్టి కాళ్ళున్న మనిషి ఉండాల. మోకాలికి ఆపరేషన్ అయిన పెద్దాయన చేతికి ఆ గొలుసు ఇవ్వొద్దు అక్కా. ఇరవై నాలుగు కిలోలు ఒక్క గుంజు గుంజితే నేనే రెండడుగులు ముందుకు పోతాను.

కోళ్ళ గురించి అడిగారు. చిన్నప్పటి నుంచి కోళ్ళ మధ్య పెంచితే మన కోళ్ళని వదిలేస్తుంది. అదే కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తితే మాత్రం నేను హామీ ఇవ్వను.

మీ తమ్ముణ్ణి ఒకసారి ఆదోని రమ్మనండి. రెండు రోజులు ఉండి, తెల్లవారి అయిదుకి నాతో పాటు చేలోకి వచ్చి చూడమనండి. ఆయన బెంగళూరు వదిలి ఊళ్ళో స్థిరపడిన రోజున నేనే దగ్గరుండి తిమ్మాపూర్ తీసుకుపోతాను.

---

మండపేట రైస్‌మిల్లు

నమస్కారమండి. మాకు చిన్న రైసుమిల్లుందండి. మిల్లంటే ఎలకలకి అత్తారిల్లే కదండి. ఆరేళ్ళ క్రితం మా అబ్బాయి జాక్ రస్సెల్ మగపిల్లని తెచ్చాడండి, పేరు చిట్టి. ఇంత కుక్క ఏం చేస్తుందిరా అన్నాను. ఇప్పుడు అది లేకుండా మిల్లు తలుపు తియ్యనండి.

అది పని చేసే తీరు చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. జట్టు కూలీలు బస్తాల నెట్టు విప్పుతుంటే చిట్టి ఎదురుగా నిలబడదండి. గోడకీ నెట్టుకీ మధ్య ఉన్న సందు చివర్న కూర్చుంటుంది. మొరగదు. అడుగు వరస బస్తా కదలగానే ఎలక ఆ సందులోంచే రావాలి. రాగానే మెడ వెనక పట్టు, ఒక్క విదిలింపు, కింద పారేసి మళ్ళీ సందు వైపు చూపు. తినదండి. పిల్లి ఒకదాన్ని పట్టుకుని తిని పడుకుంటుంది. ఇది ఒకటి చంపి రెండోదాని కోసం చూస్తుంది. ఒకసారి ఒకే నెట్టు కింద పదిహేడు లెక్కపెట్టామండి.

పందికొక్కు వేరండి. పెద్దది దాదాపు కిలో తూగుతుంది, వెనకడుగు వెయ్యదు, గుర్రుమని పందిలాగే అంటుంది. ఇంగ్లీషులో బాండికూట్ అన్న మాట కూడా మన పందికొక్కులోంచి పోయిందేనండి. మొదటిసారి తలపడ్డప్పుడు చిట్టి ముక్కు మీద చీల్చేసింది, మూడు కుట్లు పడ్డాయి. రెండేళ్ళు నిండాక నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎదురుగా వెళ్ళడు, పక్క నుంచి వెళ్తాడు. గెలుస్తాడండి, కానీ ప్రతిసారీ ఒళ్ళంతా చూసుకోవాలి.

ఇక ఇబ్బందులు. తవ్వుతాడండి. టెర్రియర్ అన్న పేరే మట్టి అన్న మాటలోంచి వచ్చిందట. ఇంగ్లండులో డెవన్ అనే చోట రస్సెల్ అనే పాదిరీ గారు, నక్కని కలుగులోంచి బయటికి తోలడానికి ఈ కుక్కల్ని తయారు చేశారు. అంటే కలుగులోకి దూరడం దాని పుట్టుకలోనే ఉందండి, మనం వద్దంటే ఆగదు. చిట్టి ఒకసారి ప్లాట్‌ఫారం కింద కన్నంలోకి పోయి ఇరుక్కున్నాడు. రాత్రి పదింటి నుంచి తెల్లవారు నాలుగింటి దాకా గునపంతో బండ పగలగొట్టాం. లోపల్నుంచి వాడి మూలుగు వినబడుతూనే ఉంది. ఆ రాత్రి మా అబ్బాయి ఏడ్చిన ఏడుపు నాకు గుర్తే. మీ గోడౌను పునాది కన్నాలు ముందు కంకర, సిమెంటుతో మూయించండి. కుక్క వచ్చాక కాదండి, ముందే.

పాము గురించి మీ భయం నిజమేనండి. ఎలకున్న చోట పాముంటుంది. కదిలేదాని మీదకి వెళ్ళడం దీని గుణం. మా వాడు జెర్రిపోతుని చంపాడు, పాపం అదీ ఎలకల్ని తినేదే. తాచుని కూడా ఒకసారి నిలేశాడు, మేం దుప్పటి విసిరి వాణ్ణి లాక్కొచ్చాం. "వదిలెయ్" అనే ఒక్క మాట మూడో నెల నుంచి నేర్పించండి. రోజూ నేర్పించండి. ఆ మాట వినే టెర్రియరే తోటలో బతుకుతుంది.

పొద్దున్న నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు పని కావాలండి. నడకే అక్కర్లేదు. మా నాన్నగారు కుర్చీలో కూర్చుని బంతి విసిరేవారు, వాడు తెచ్చి ఒళ్ళో పెట్టేవాడు. మీ నాన్నగారికీ ఇది కుదురుతుంది.

---

పశువుల డాక్టరు, కృష్ణా జిల్లా

రసాలతోట గారూ, పద్ధెనిమిదేళ్ళుగా ప్రభుత్వ పశువైద్యశాలలో పని చేస్తున్నాను. పై ఇద్దరూ చెప్పింది సరైనదే. నేను మీకు ఒకటే ప్రశ్న వేస్తాను. మీ తోటలో, పక్క పొలాల్లో ఎలకల మందు పెడుతున్నారా?

మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. కానీ మా దగ్గరికి వచ్చే టెర్రియర్లు పాము కంటే ఎలకల మందుతోనే ఎక్కువ చనిపోతాయి. వరి చేలల్లో రెండు రకాలు వాడతారు. ఒకటి బ్రోమడయొలోన్. నీలం, ఆకుపచ్చ బిళ్ళలుగా దొరుకుతుంది. అది తిన్న ఎలక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలక కుక్కకి సులువుగా దొరుకుతుంది. కుక్క కూడా మొదటి రోజు మామూలుగానే ఉంటుంది. మూడు నుంచి అయిదు రోజులకి చిగుళ్ళు తెల్లబడతాయి, ఆయాసం వస్తుంది, ముక్కులోంచో మలంలోంచో రక్తం పడుతుంది. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దీనికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి ఇవ్వాలి, సమయానికి తెస్తే బతుకుతుంది. రెండోది జింక్ ఫాస్ఫైడ్, నల్లటి పొడి, నూకల్లో కలిపి పెడతారు. దానికి విరుగుడు లేదు. గంటల్లో అయిపోతుంది. అది తిన్న కుక్క వాంతిలోంచి విషవాయువు వస్తుంది, కాబట్టి కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించాలి, లేకపోతే మీకూ ప్రమాదం.

పోయిన వర్షాకాలంలో ఒక పెద్దాయన చిన్న టెర్రియర్‌ని సంచిలో పెట్టుకుని తెచ్చాడు. "మా చేలో మందు పెట్టలేదు సారూ" అని ప్రమాణం చేశాడు. నిజమే, ఆయన పెట్టలేదు. పక్క చేనివాళ్ళు పెట్టారు. కుక్క దక్కలేదు. ఆ సంచి మడత పెట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషికి చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

అందుకని కుక్కని కొనే ముందు పక్క రైతులతో మాట్లాడండి. మందు బదులు ఎలకలు పట్టే యానాదుల్ని పిలిపించి బుట్టలు పెట్టించండి. మన డెల్టాలో ఇప్పటికీ అదే మంచి పద్ధతి, జెర్రిపోతులూ బతుకుతాయి.

రెండోది లెప్టోస్పైరోసిస్. ఎలక మూత్రంతో వస్తుంది, కుక్క నుంచి మనిషికీ రావచ్చు. ఏటా టీకా వేయించాలి, వర్షాలకి ముందు వేయిస్తే మంచిది. కుక్క కొరికిన ఎలకల్ని వట్టి చేతులతో తీయకండి, మీ నాన్నగారికి ఇది గట్టిగా చెప్పండి. రేబిస్ టీకా మూడో నెలలో వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ వేయించాలి. మన ప్రాంతంలో పిడుదుల జ్వరం ఎక్కువ, ఏ జాతికైనా పిడుదుల మందు నెల నెలా వాడాల్సిందే.

ముధోల్ తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట. ఒంట్లో కొవ్వు తక్కువ కావడంతో ఈ రకం కుక్కలకి కొన్ని పాత మత్తుమందులు ఒంట్లోంచి తొందరగా పోవు. ఆపరేషన్ చేయించాల్సి వస్తే డాక్టరుకి జాతి పేరు ముందే చెప్పాలి.

కొనేటప్పుడు తల్లిని చూడకుండా పిల్లని తీసుకోకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లని ఇవ్వజూపితే వదిలేసి వచ్చేయండి. జాక్ రస్సెల్‌కి మోకాలి చిప్ప జారడం, కంటి కటకం జారడం ఉంటాయి. ఒళ్ళంతా తెల్లగా ఉన్న పిల్ల అయితే వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి, చెవుడు ఉండొచ్చు. పెద్దదయ్యాక ఛాతీ మీ రెండు చేతుల్లో ఇమడాలి. కలుగులో దూరే కుక్కకి అదే కొలత.

---

కొల్లేటి గట్టు

మేడమ్, నూజివీడులో కూర్చుని డెవన్ కుక్కా, బాగల్‌కోట కుక్కా అని వెతుకుతున్నారు. మీకు దగ్గర్లోనే కొల్లేరు ఉంది, జోనంగి ఉంది. మా తాతలు బాతుల మందలు తోలినప్పుడు వెంట ఉన్న కుక్క అదే. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, మొరగకుండా పాటలా కూస్తుంది. గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది, చేపలు తనే పట్టుకుంటుంది. బాతుల మందలు పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని లేకుండా పోయింది. చెరువులోని చేప తింటుందని తరిమారు. ఇప్పుడు అసలైనది దొరకడం కష్టం. నా దగ్గర రెండున్నాయి. పిల్లలు పుడితే చెప్తాను. కానీ ఒక మాట, ఇది ఒకరిద్దరి మాటే వింటుంది, పెద్దవాళ్ళ చేతికి కొత్తగా ఇస్తే లొంగుతుందని చెప్పలేను.

---

రసాలతోట

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. శనివారం ఊరెళ్ళి మీ సమాధానాలన్నీ నాన్నకి చదివి వినిపించాను. అందుకే ఆలస్యమైంది.

ఆదోని అన్నా, మెరుపు గురించి చదువుతుంటే నాన్న చెయ్యెత్తి ఆపమన్నారు. కాసేపాగి మళ్ళీ చదవమన్నారు. ఆ తర్వాత మా తూర్పు గట్టు అవతల తోటలో కిందటేడు పందుల కోసం తీగ పెట్టారని చెప్పారు. నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. తమ్ముడికి ఫోన్ చేసి మీరు రాసింది మొత్తం చదివాను. వాడు ఇంకేం వాదించలేదు. దసరా సెలవుల్లో ఆదోని వస్తానంటున్నాడు, నిజంగానే వస్తాడు, చూపించండి.

డాక్టరు గారూ, మీ ప్రశ్నకి జవాబు. మేం మందు పెట్టాం. నాకు తెలియదు, అమ్మకి తెలుసు. కోడిపిల్లలు పోయిన కోపంలో మార్చిలో ఎరువుల కొట్టు నుంచి నీలం బిళ్ళలు తెచ్చి కలుగుల్లో వేసిందట. మిగిలిన అరపాకెట్టు గోడౌనులో విత్తనాల డబ్బా వెనక ఉంది. అది అక్కడ ఉండగా నేను కుక్కపిల్లని తెచ్చి వదిలేదాన్నే. ఆదివారమంతా చేతికి తొడుగులు వేసుకుని, టార్చిలైటుతో గోడౌను మూలమూలా వెతికి ఏరాను. పదకొండు బిళ్ళలు దొరికాయి. పాకెట్టుతో సహా మూతబెట్టి అటక మీద పెట్టాను. దాన్ని ఎక్కడ, ఎలా వదిలించుకోవాలో చెప్పండి, పాతిపెట్టడానికి భయంగా ఉంది. పక్క తోటల్లో ఇద్దరితో నాన్న మాట్లాడారు. ఒకరు ఒప్పుకున్నారు. రెండో ఆయన చూద్దామన్నారు. యానాదుల కుటుంబం ఒకటి ముసునూరు వైపు ఉందని తెలిసింది, వచ్చే వారం బుట్టలు పెడతారు.

పునాది పని ఈ నెలలోనే మొదలుపెడుతున్నాం. నేలలోకి రెండడుగుల దాకా కంకర వేసి మూయిస్తాం. కోళ్ళ గూటికి సన్నకంత ఇనప జాలీ వేయిస్తాం. కుక్కపిల్ల అదంతా అయ్యాకే.

కొల్లేటి గట్టు గారూ, మీ రెండింటినీ చూడటానికి తప్పకుండా వస్తాం. మా తాతగారింట్లో ముడతల నుదురు కుక్క ఉండేదని నాన్న అన్నారు. దాని పేరు జోనంగి అని ఇప్పుడే తెలిసింది.

మండపేట అండీ, మీతో పనుంది. కుర్చీలోంచి బంతి విసిరే మాట చదివినప్పుడు నాన్న "మళ్ళీ చదువు" అన్నారు. తర్వాత ఒకటే అడిగారు, అది రాత్రిళ్ళు ఇంట్లో పడుకుంటుందా, బయటా అని. చిట్టి ఎక్కడ పడుకుంటాడు? వాడి సంతానం ఎక్కడైనా ఉందా, తల్లిని చూడనిస్తారా? వచ్చే రెండో శనివారం నేనూ నాన్నా కారులో ఏలూరు, తాడేపల్లిగూడెం, రావులపాలెం మీదుగా రాగలం. బస్తాల నెట్టు విప్పే రోజైతే ఇంకా మంచిది, సందు చివర వాడు కూర్చునే చోటు నాన్నకి చూపించాలి. మీకు వీలైన సమయం చెప్పండి.